టీచరమ్మ మూర

పోయిన నెల మా ఊళ్ళో, టీచరమ్మ చనిపోయాక పెట్టిన ఆదరణ కూడికకు వెళ్ళాను. ప్రార్థన అయింది, భోజనాలు అయ్యాయి, దూరపువాళ్ళు బస్సు వేళకు లేస్తున్నారు. అప్పుడు వాళ్ళ కోడలు లోపలి నుంచి ఒక రేకు పెట్టె ఈడ్చుకొచ్చింది. "అన్నా, ఇండ్ల ఉన్నవన్నీ సండే స్కూల్ సామాన్లే. పారెయ్యబుద్ధి అయితలేదు. ఏమన్న పనికొస్తయేమో జర చూడు" అంది. మూత తీయగానే గుప్పున గొంగడి వాసన వచ్చింది. గొర్రె ఉన్ని వాసన, దాని మీద కలరా ఉండల ఘాటు. నేను ఆ గడప మీదే కూర్చుండిపోయాను.

మా ఊరు దేవరకొండకూ కల్వకుర్తికీ నడుమ, నల్లగొండ జిల్లా అయిపోయి పాలమూరు మొదలయ్యే చోట ఉంటుంది. ఎర్ర చెలకలు, నల్ల గుండ్లు, ఆముదం చేన్లు. నా చిన్నతనంలో మా చర్చి పెంకుటిల్లే. బెంచీలు లేవు, ఈత చాపలు. టీచరమ్మ దేవరకొండలో మిషన్ బోర్డింగులో ఉండి ఏడో తరగతి దాకా చదివింది. అక్కడి నుంచి పెళ్ళయి మా ఊరికి వచ్చింది. 1899 నుంచి అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు ఈ ప్రాంతాలకు రావడం మొదలై, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల లాంటి చోట్ల చర్చీలూ బళ్ళూ పెట్టారు. ఆమె అలాంటి బడి నీడన పెరిగిన మనిషి. జీతం లేదు, ఎవరూ ఇవ్వలేదు. అయినా మా ఊరి పిల్లలందరికీ, చర్చికి రానివాళ్ళకు కూడా, ఆమె పేరే టీచరమ్మ.

ఆ పెట్టెలో గొంగడి ఎందుకుందో చెప్పాలి. ఒకసారి ఆమె పట్నంలో వీబీఎస్, అంటే సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిలు బడి, ట్రైనింగుకు వెళ్ళి ఫ్లానెల్ బోర్డు చూసి వచ్చింది. చెక్కకు మెత్తని ఫ్లానెల్ గుడ్డ బిగిస్తారు. బొమ్మల వెనకాల గుడ్డ ముక్క అంటించి దాని మీద పెడితే చాలు, మేకులూ జిగురూ లేకుండా నిలబడతాయి. కథ నడిచే కొద్దీ బొమ్మలు జరుపుకోవచ్చు. మా దగ్గర అంత మెత్తటి గుడ్డ ఎక్కడిది? ఆమె ఇంటికొచ్చి, మామ కప్పుకునే నల్ల గొంగడిని చర్చి గోడకు రెండు మేకులతో కొట్టింది. పాత క్రిస్మస్ కార్డుల్లోంచి, క్యాలెండర్లలోంచి బొమ్మలు కత్తిరించి, వెనకాల మైదా లైతో ఉన్ని పింజలు అంటించింది. ఉన్నిని ఉన్ని పట్టుకుంది. బేత్లెహేము కాపరులు మా ఊరి కాపరుల గొంగడి మీద నిలబడ్డారు.

సింహాల గుహలో పడేసిన దానియేలు కథలో సింహం బొమ్మ మాత్రం అట్ట మందమై, కథ సగంలో ఉండగానే జారి కింద పడేది. పడిన ప్రతిసారీ మేమంతా ఒక్క గొంతుతో "దేవదూత నోరు మూయించిండు!" అని అరిచేవాళ్ళం. కొన్నాళ్ళకు టీచరమ్మ ఆ సింహానికి ఇంకాస్త ఉన్ని అంటిద్దామనే ఆలోచనే మానుకుంది.

పెట్టెలో ఆ సింహం ఇంకా ఉంది. తోక ఊడిపోయింది.

*

చాలా ఊళ్ళలో సండే స్కూలు ఆదివారం పొద్దున ఆరాధనకు ముందు నడుస్తుంది. మా ఊళ్ళో సాయంత్రం, గొర్లు ఇంటికొచ్చాక. పెద్దలు అడిగితే టీచరమ్మ ఒక సంగతి చెప్పేది. ఇంగ్లండులో గ్లోస్టర్ అనే ఊళ్ళో, 1780లో, రాబర్ట్ రైక్స్ అనే పత్రికాయన ఈ ఆదివారపు బళ్ళు మొదలుపెట్టాడు. అవి వారమంతా పనికి పోయే పిల్లల కోసం. వాళ్ళకు చదువుకోవడానికి ఆదివారం ఒక్కటే దొరికేది. "పనికి పోయే పిల్లల కోసమే పుట్టిన బడి ఇది. గొర్ల కాడికి పోయిన పిల్లగాడు రాలేకపోతే తప్పు వానిది గాదు, బడిది" అనేది. మాలో సగం మంది ఇతరుల ఇళ్ళల్లో జీతానికి పనిచేసేవాళ్ళూ, గొర్లు కాసేవాళ్ళూ. కాబట్టి బడే సాయంత్రానికి జరిగింది.

తప్పిపోయిన గొర్రె కథను ఆమె దాగుడుమూతలతో చెప్పించేది. మామూలు ఆటలో చివరిదాకా దొరకనివాడు గెలిచినట్టు. ఈ ఆటలో అలా కాదు. దొరికినవాళ్ళంతా వెతికేవాళ్ళతో కలిసిపోవాలి. చివరికి మిగిలిన ఒక్కరిని ఊరంతా గాలించాలి. దొరికాక ఆ పిల్లను గానీ పిల్లవాణ్ణి గానీ భుజాల మీద ఎత్తుకుని చర్చికి తేవాలి. అప్పటిదాకా గుడాలు పెట్టరు. ఉడకబెట్టిన అలసంద గుడాలు, మీద కాస్త ఉల్లిగడ్డ, ఎల్లిపాయ తాలింపు. ఆ వాసన చీకట్లో వస్తుంటే కాళ్ళు వాటంతటవే పరుగెత్తేవి.

ఒకసారి ఆట అయ్యాక, గొర్లు కాసే పిల్లగాడొకడు చెయ్యెత్తాడు. "టీచరమ్మా, ఒక్కదాని కోసం పోయిండు గదా. మరి తొంబైతొమ్మిదిటిని ఎవలకు ఒప్పజెప్పి పోయిండు?"

మేం నవ్వాం. టీచరమ్మ నవ్వలేదు. లూకా 15వ అధ్యాయం తీసి మళ్ళీ చదివింది. అడవిలో విడిచిపెట్టి పోయాడనే ఉంది. చాలాసేపు ఆలోచించి, "నువ్వయితే ఏం జేస్తవు బిడ్డా?" అని అడిగింది.

"కుక్కుంటే కుక్కను పెట్టి పోత. లేకుంటే పక్క మందోనికి చెప్పి పోత. ఒట్టిగ ఇడిశిపెడితే తోడేలు పట్టదా?"

"అయినా పోతవా?"

వాడు గొర్లనే ఎదుట పెట్టుకుని లెక్కపెడుతున్నట్టు కాసేపు ఆగి, "పోవాలె గదా. అది ఒర్రుతుంటే ఎట్ల ఉంటం?" అన్నాడు.

ఆ తర్వాత ఆ కథ మీద ఎందరో పెద్ద బోధకుల ప్రసంగాలు విన్నాను. ఆ ఒక్క మాటకు సరితూగేది నాకు దొరకలేదు.

*

ఇక తాడు. గొంగడి కింద చుట్టగా చుట్టి ఉంది. సుతిలి తాడు, నల్లబడి, అక్కడక్కడా పీచు లేచి. మూరకు ఒక ముడి. పదో ముడికి ఎర్ర గుడ్డ పేలిక, ఇరవయ్యో ముడికి రెండు పేలికలు. కొసన మూడు పేలికలు, అంటే ముప్పై మూరలు.

నోవహు ఓడ మూడు వందల మూరల పొడవు, యాభై మూరల వెడల్పు, ముప్పై మూరల ఎత్తు. ఆదికాండము ఆరో అధ్యాయంలో ఉంది. కంఠతా చెప్పేవాళ్ళం కానీ మాకు ఆ లెక్క ఒట్టి మాటే. ఓడను మేం ఎప్పుడూ చూసింది లేదు. డిండి చెరువు చూసినవాళ్ళే మాలో ఇద్దరో ముగ్గురో. ఒక ఎండకాలం వీబీఎస్‌లో టీచరమ్మ "ఇయ్యాల ఓడ కడదాం" అని మమ్మల్ని బయటికి తీసుకొచ్చింది. ముందు చేతులతోనే కొలవమంది. మోచేయి నుంచి నడిమి వేలు కొసదాకా ఒక మూర. నేలమీద మోకాళ్ళేసి ఒకరి వెనక ఒకరు కొలుస్తూ పోతే, ఇరవై మూరలకే గొడవ మొదలైంది. పెద్ద పిల్లల ఓడ వేపచెట్టు దాటింది, చిన్న పిల్లల ఓడ ఇవతలే ఆగింది.

"ఎవల మూర టీచరమ్మా?" అని ఎవరో అరిచారు.

ఆ రాత్రి ఆమె తన మూరతో ఈ తాడు కట్టుకొచ్చింది. మర్నాడు చర్చి గడప నుంచి మొదలుపెట్టి పదిసార్లు తాడు పరిచాం. ఒక్కో తాడు పరవగానే అక్కడ ఒకరు కదలకుండా నిలబడాలి. బొడ్రాయి దాటాం, కిరాణా కొట్టు దాటాం, బస్సాగే చింతచెట్టు దాకా వెళ్ళాం. వెడల్పుకు ఒక తాడు, ఇంకో ఇరవై ముళ్ళు. నాలుగు మూలలా నలుగురం నిలబడి ఒకరినొకరం పిలుచుకుంటే, పిలుపు వినబడేది గానీ ఎవరి పేరు పెట్టి పిలిచారో తెలిసేది కాదు. నేను చింతచెట్టు మూలన నిలబడ్డాను. అటు చూస్తే చర్చి పెంకులు చిన్నగా కనిపించాయి. ఇంత పెద్ద ఓడను నీళ్ళు లేని నేల మీద ఒక్క ఇంటివాళ్ళు కట్టారా అని నాకు ఆ ఎండలోనే ఒళ్ళు జలదరించింది.

ఎత్తు మాత్రం మిగిలిపోయింది. ముప్పై మూరల ఎత్తు ఎట్లా చూపించాలి? మా ఊళ్ళో అంత ఎత్తువి తాటిచెట్లే. కల్లు గీసే గౌడన్న మోకు భుజాన వేసుకుని అటే వస్తున్నాడు. టీచరమ్మ కల్లు జోలికి పోయే మనిషి కాదు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. మాట పట్టింపు ఏమీ లేకుండా దగ్గరికి పోయి అడిగింది.

"ఏం చెల్లె, తాటిచెట్టును కొలుస్తున్నవా?"

"చెట్టును గాదన్నా, ఓడను."

గౌడన్న తాడు కొస నడుముకు కట్టుకుని ఎక్కాడు. మట్టల దగ్గర కట్టి, "ఇడుస్తున్న, జరుగుండ్రి!" అని కేకేసి చుట్ట వదిలాడు. ఎర్ర పేలికలు ఒకటొకటిగా విప్పుకుంటూ కిందికి వచ్చాయి. మూడు పేలికల కొస మా నడుమెత్తున వచ్చి ఆగి ఊగింది. అంటే తాటిచెట్టు ఓడ కంటే కాస్త పొడుగే. మేమంతా తలలు వెనక్కి వాల్చి ఆ మట్టల దాకా చూశాం. ఆ సాయంత్రం గౌడన్న చర్చి గడప దగ్గరే కూర్చుని నోవహు కథ మొత్తం విన్నాడు. వెళ్ళేటప్పుడు టీచరమ్మను అడిగాడు, "మరి ఆ పడవల చెట్ల విత్తులు గూడ పెట్టుకున్నరా చెల్లె?" అని. తినే ఆహారమంతా సమకూర్చుకోమని దేవుడు చెప్పాడన్నా అని ఆమె బదులిచ్చింది.

అదే తాడుతో, దావీదు తలపడిన మహాకాయుడు గొల్యాతును కూడా కొలిచింది. ఆరు మూరలు, ఒక జేన. చర్చి గోడకు నిచ్చెన వేసి జాజుతో ఒక గీత గీసింది. ప్రతి క్రిస్మస్‌కు సున్నం వేస్తే గీత పోయేది, జనవరిలో ఆమె మళ్ళీ గీసేది. మేం ఆ గీత కింద నిలబడి ఎవరి నెత్తి ఎక్కడి దాకా వచ్చిందో చూసుకునేవాళ్ళం. దావీదు ఏటిలో ఏరుకున్న ఐదు నున్నటి రాళ్ళ కోసం మా వాగులో వెతికి, అవే రాళ్ళతో ఆడపిల్లలు అరుగు మీద ఐదు రాళ్ళ ఆట ఆడేవాళ్ళు.

*

మా దగ్గర బైబిళ్ళు నాలుగో ఐదో. పట్నం పిల్లలు "కత్తి ఎత్తు" అనగానే బైబిలు పైకెత్తి, చెప్పిన వచనం ఎవరు ముందు తీస్తే వాళ్ళు గెలిచే ఆట ఆడతారు. వాక్యాన్ని ఆత్మ ఖడ్గం అన్నారు కదా, అందుకని ఆ పేరు. పుస్తకాలే లేని మాకు టీచరమ్మ తొక్కుడు బిళ్ళ గీసి పెట్టింది. మోషే రాసిన ఐదు కాండాలకు ఐదు గళ్ళు. ఒంటికాలి మీద గెంతుతూ ఒక్కో గడిలో పేరు పూర్తిగా పలకాలి, పలికే దాకా రెండో కాలు ఆనకూడదు. ఆది, నిర్గమ, లేవీయ, సంఖ్యా... ఇక్కడిదాకా అందరం బాగానే వచ్చేవాళ్ళం. ద్వితీయోపదేశకాండము దగ్గర సగం మంది పడిపోయేవాళ్ళు. ఆ మాట పూర్తయ్యే దాకా ఒంటికాలి మీద నిలవడం ఎంత కష్టమో ఆడి చూసినవాళ్ళకే తెలుస్తుంది. నేను ఈనాటికీ ఆ పేరు చదివితే కుడికాలు బిగిసినట్టు అనిపిస్తుంది.

యెరికో కోట గోడలు కూలిన కథ ఆట పది రోజుల వీబీఎస్‌లో ఏడు రోజులు నడిచేది. ఆరు రోజులు రోజుకు ఒక్కసారి, నోరు మెదపకుండా చర్చి చుట్టూ తిరగాలి. ఏడో రోజు ఏడుసార్లు. చివరి చుట్టు అయ్యాక అరిస్తే, పేర్చి పెట్టిన డాల్డా డబ్బాల గోడను చిన్నపిల్లలు నెట్టేసేవాళ్ళు. అందరికీ అరుపు గుర్తుంటుంది. నాకు గుర్తున్నది ఆ ఆరు రోజుల నిశ్శబ్దం. ముప్పై మంది పిల్లల కాళ్ళ చప్పుడు తప్ప ఇంకేం వినబడేది కాదు. అరుగుల మీద ముసలమ్మలు "ఏమైంది వీళ్ళకు" అని లేచి చూసేవాళ్ళు.

దేవుని మందిరం దగ్గర ఈ గెంతులేంది, ఈ ఆటలేంది అని సంఘంలో ఒకరిద్దరు అన్నారు. టీచరమ్మ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. జెకర్యా గ్రంథం 8వ అధ్యాయం ఐదో వచనం తీసి వాళ్ళ చేతికిచ్చింది. యెరూషలేము బాగుపడిన నాడు దాని వీధుల నిండా ఆడుకునే మగపిల్లలూ ఆడపిల్లలూ ఉంటారని అక్కడ ఉంది. చదివి పుస్తకం తిరిగి ఇచ్చారు. మళ్ళీ ఎవరూ అడగలేదు.

*

యోసేపు కథ మాత్రం మాకు ఎవరూ వివరించనక్కర్లేదు. కరువంటే ఏందో పాలమూరు పిల్లలకు తెలుసు. తిండిగింజల కోసం వేరే దేశం పోవడమంటే ఏందో కూడా తెలుసు. వానలు లేని ఏడు మా ఊళ్ళో సగం ఇళ్ళకు తాళాలే. అమ్మానాన్నలు బొంబాయికో, ఎక్కడో కట్టే ప్రాజెక్టుకో మేస్త్రీ వెంట పోతే, పిల్లలు అవ్వల దగ్గర ఉండేవాళ్ళు.

ఆ ఆటకు చింతగింజలు వాడేవాళ్ళం. మొదటి రోజులు సమృద్ధి. రోజూ పది గింజలు ఇస్తుంది టీచరమ్మ. అందులో రెండు యోసేపు కుండలో వేయాలి. పండినదాంట్లో ఐదో వంతు దాచమని యోసేపు ఐగుప్తు రాజు ఫరోకు చెప్పాడు కదా. మిగతావి మన ఇష్టం, పందెం ఆడుకోవచ్చు, పోగొట్టుకోవచ్చు. తర్వాత ఒక రోజు ఆమె ఉత్త చేతులతో వచ్చి "కరువు" అనేది. ఇక కుండలోంచే తీసి పంచాలి. రోజూ ఇంతేనా అని గోల పెట్టేవాళ్ళం. కుండ చివరిదాకా వచ్చిందో లేదో అని వంగి చూసేవాళ్ళం.

అప్పుడు ఒక పిల్ల, ఎనిమిదేళ్ళుంటాయేమో, ముక్కుకు దారం పోగు, అడిగింది. "యాకోబు కొడుకులు గింజలు కొనుక్కొని ఇంటికి మళ్ళొచ్చిండ్రు గదా టీచరమ్మా. మా అమ్మోళ్ళు ఎప్పుడొస్తరు?"

టీచరమ్మ కాసేపు మాట్లాడలేకపోయింది. తర్వాత దగ్గరికి తీసుకుని "మిర్గం లోపల వస్తరు బిడ్డా" అంది. కుండలోంచి గింజలు తీసి, మిర్గానికి, అంటే తొలకరి మృగశిర కార్తెకు, ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టి అన్ని ఆమె కొంగులో పోసింది. రోజుకొకటి పారెయ్యమంది. ఆ పిల్ల రోజూ పొద్దున ఒక గింజ మా ఇంటి ముందరి మురుగులో వేసి పోయేది. నేను చూసేవాణ్ణి. గింజలు ఇంకా కొన్ని ఉండగానే ఒక రాత్రి లారీ దిగి వాళ్ళు వచ్చారు. మిగిలిన గింజలను తెచ్చి ఆమె మళ్ళీ కుండలోనే వేసింది.

*

ఇంకొకటి చెప్పి ఆపుతాను. మర్రిగూడ దిక్కు నుంచి మేనమామ ఇంటికి వచ్చి ఉండిపోయిన ఒక పిల్లవాడు మాతో ఉండేవాడు. అక్కడి బోరు నీళ్ళలో ఫ్లోరైడు. వాడి పండ్లు గారపట్టి, కాళ్ళు మోకాళ్ళ దగ్గర వంకర తిరిగి ఉండేవి. పరుగెత్తే ఆటలేవీ ఆడలేడు. అరుగు మీద కూర్చుని చూసేవాడు.

పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి యేసు ముందుకు దించిన కథ ఆడేటప్పుడు, మంచం మీద ఎవరు పడుకోవాలి అని అడగకముందే అందరం వాడి వైపు చూశాం. మాకు అదే సరైనదనిపించింది. వాడు తల అడ్డంగా ఊపాడు. "నేను పండను. నేను కప్పు మీదోన్ని అయిత."

టీచరమ్మ ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. ఇద్దరు పెద్ద పిల్లల చేత వాణ్ణి పశువుల కొట్టం పక్కనున్న ఎత్తు గోడ మీద కూర్చోబెట్టించింది. బావి చేంతాడు తెచ్చి కొస వాడి చేతికిచ్చింది. కింద ఎత్తుకుని పట్టుకోవడానికి నలుగురు పెద్దవాళ్ళను నిలబెట్టింది. దుప్పటి జోలెలో పడుకున్నది నేను. వాడి చేతులు బలమైనవని నాకు అప్పుడే తెలిసింది. పైనుంచి నన్ను చూస్తూ, పెదవి కొరుక్కుంటూ, ఒక్క కుదుపు లేకుండా దించాడు. నేల ఆనాక, "దిగినవా?" అని అడిగాడు. దిగాను అన్నాను. అప్పుడు గాని తాడు వదల్లేదు.

*

పెట్టె ముందేసుకుని కూర్చున్న నా దగ్గరికి టీచరమ్మ మనవడు వచ్చాడు. "మామా, గీ ముళ్ళ తాడేంది?" అన్నాడు. గొల్యాతు తెలుసా అంటే తెలుసన్నాడు. ఎంత పొడుగో తెలుసా అంటే చేతులు రెండూ పైకెత్తి చూపించాడు.

పాత చర్చి లేదు. అదే చోట స్లాబు వేసి, కొత్త రంగు కొట్టి ఉంది. నిచ్చెన తెప్పించి ఇద్దరం పోయాం. తాడు కింది కొసను కాలితో తొక్కి పట్టాను. అనుకోకుండా నా మోచేయి మొదటి ముడి దగ్గర పెట్టి చూశాను. నా నడిమి వేలు రెండో ముడి దాటి రెండు వేళ్ళ మేర పైకి వెళ్ళింది. ఆమె చెయ్యి ఇంత చిన్నదని ఆ రోజుల్లో మాకు ఎప్పుడూ అనిపించలేదు.

ఆరు ముళ్ళు లెక్కపెట్టి వేలితో పట్టుకున్నాను. "ఇంకో జేన పెట్టాలె" అన్నాను.

"ఎవల జేన మామా?"

వాణ్ణి నిచ్చెన ఎక్కించాను. వాడు గోడకు అరచెయ్యి ఆనించి వేళ్ళు బారుగా చాపాడు. చిటికెన వేలు కొసన సుద్దముక్కతో గీత గీశాను.

"ఇంకొంచెం చాపుతా ఉండు మామా, గీయకు," అన్నాడు.